డైవ్ కంప్యూటర్ దౌర్జన్యంపై ఒక విన్నపం

సముద్రగర్భంలో స్వేచ్ఛగా విహరించదలచిన మనిషికి సొరచేపల వల్ల గాని, సుడుల వల్ల గాని కలగని ఇబ్బంది, ఎంత లోతున ఎంతసేపు ఉండవచ్చో చెబుతూ మణికట్టుకు అంటిపెట్టుకుని ఉండే డైవ్ కంప్యూటర్ అనే ఒక చిన్న యంత్రం వల్ల కలుగుతున్నదని స్కూబా డైవర్లలో ఒక వర్గం చాలాకాలంగా మొరపెట్టుకుంటున్నది. వారి పక్షాన వాదించే బాధ్యతను ఈ వ్యాసం వినమ్రంగా స్వీకరిస్తున్నది.

వారి ప్రధాన అభియోగం, ఆ యంత్రం అజ్ఞాని అని. ఇది నిజమే. దానికి ప్రధానంగా తెలిసినవి రెండే, నీటి ఒత్తిడి, గడిచిన సమయం. 1908లో బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రవేత్త హాల్డేన్ మేకలపై ప్రయోగాలు చేసి ప్రతిపాదించిన పద్ధతి నుంచి పుట్టిన లెక్కతో, శరీరంలో ఎంత నైట్రోజన్ కరిగి ఉంటుందో అది ఊహిస్తుంది. తొందరపడి పైకి వస్తే ఆ నైట్రోజన్ బుడగలు కట్టి కీళ్లను సలుపుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికీ తెస్తుంది. స్విస్ వైద్యుడు బూల్మన్ రూపొందించిన నమూనాలో ఇందుకోసం 16 కణజాలాలున్నాయి. వాటిలో చురుకైనది కొద్ది నిమిషాల్లోనే సగం నిండుతుంది, మందకొడిదానికి 635 నిమిషాలు పడుతుంది. శరీరాన్ని కోసి చూస్తే ఈ 16లో ఒక్కటీ కనిపించదు, అవి కేవలం గణితం. రాత్రి మీకు నిద్ర లేదని, ఒంట్లో నీరు తగ్గిందని, వయసు పైబడిందని ఆ గణితానికి ఎవరూ చెప్పలేదు. అందుకే జాగ్రత్త స్థాయిని పెంచుకునే మీట ఒకటి పెట్టారు. మన డైవరు దానిని కనిష్ఠానికి తగ్గించి, అదనంగా దక్కిన నాలుగు నిమిషాలకు తన ఆరోగ్యమే కారణమని మురిసిపోతాడు.

ఇక హెచ్చరిక కూతల సంగతి. నీటిలో ధ్వని గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా ప్రయాణిస్తుంది గనుక, అది ఏ వైపు నుంచి వస్తున్నదో మన చెవులు పోల్చుకోలేవు. ఈ భౌతిక సత్యం డైవర్లకు గొప్ప మనశ్శాంతిని ప్రసాదించింది. 30 మీటర్ల లోతున ఒక కూత వినిపించగానే, బృందంలోని నలుగురూ అది మరొకరి చేతిదేనన్న దృఢ విశ్వాసంతో ముందుకు సాగుతారు.

పొదుపరుల విషయం మరీ హృద్యం. ఇద్దరికి ఒకే కంప్యూటర్ చాలునని వాదించేవారు, అది కట్టుకున్నవాడి లోతునే లెక్కిస్తుందని, అయిదు మీటర్లు కింద తాబేలును వెంబడిస్తున్న మిత్రుడి సంగతి దానికి పట్టదని అంగీకరించరు. ఉదయం ఒక కంప్యూటర్‌తో, మధ్యాహ్నం అద్దెకు తెచ్చిన మరొకదానితో దిగేవారిని ఆ రెండోది అప్పుడే పుట్టిన శిశువుగా పరిగణించి, ఉదయపు నైట్రోజన్ బాకీ అంతా మాఫీ చేస్తుంది. ఇద్దరి కంప్యూటర్లూ వేర్వేరు గడువులు చూపితే కఠినమైనదానిని పాటించాలన్నది నియమం. ఉదారమైనది తమ చేతికి లేనందుకు చింతించడం ఆచారం.

నిమిషానికి 9 మీటర్లకు మించి పైకి లేవరాదన్న ఆంక్షను కూడా వీరు సహించలేరు. 30 మీటర్ల నుంచి 20కి వస్తే ఒత్తిడి నాలుగు వంతుల్లో ఒక వంతే తగ్గుతుంది, చివరి 10 మీటర్లలో మాత్రం సగానికి సగం పడిపోతుంది. ఇంటి గడప కనిపించగానే పరుగెత్తే మనిషి స్వభావాన్ని భౌతికశాస్త్రం పరిగణనలోకి తీసుకోకపోవడం విచారకరం. వాడుక పుస్తకం విప్పితే ఇవన్నీ తెలిసేవే, కాని దానిని విప్పడమంటే ఓటమిని ఒప్పుకోవడం కదా!

నైట్రోజన్ వదిలేందుకు దారిలో ఆగి చెల్లించవలసిన డీకంప్రెషన్ మజిలీని ఎగవేసి పైకి వస్తే మాత్రం కంప్యూటర్ అలుగుతుంది. చాలా మోడళ్లు 24 లేదా 48 గంటలపాటు లెక్క చెప్పడం మానేస్తాయి. దీనికి కొందరు మేధావులు విరుగుడు కనిపెట్టారు. యంత్రానికి తాడు కట్టి, పడవ అంచు నుంచి 5 మీటర్ల లోతుకు వేలాడదీస్తారు. అక్కడ అది తనకు లేని నైట్రోజన్‌ను నిదానంగా, నియమబద్ధంగా వదిలించుకుంటుంది. పైన డైవరు ఎండలో కూర్చుని, భుజం ఎందుకో సలుపుతున్నదని తడుముకుంటూ, తన కంప్యూటర్ కోలుకునే క్షణం కోసం ఓపికగా ఎదురుచూస్తుంటాడు.