ఎంబీకి (కొలతల పుస్తకానికి) ఎక్కని పనికి పూచీ ఎవరిది?

2023 అక్టోబర్ 21న మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు (గేట్ల మధ్య స్తంభాలు) కుంగినప్పుడు, ఎందుకు కుంగాయన్న ప్రశ్న వెంటే మరమ్మతు ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న ప్రశ్న కూడా వచ్చింది. కట్టినవారే తమ ఖర్చుతో లోపాలు సరిదిద్దాల్సిన గడువు (లోపాల బాధ్యత గడువు) ఇంకా మిగిలే ఉందని నీటిపారుదల శాఖ తొలుత చెప్పగా, అది ఎప్పుడో తీరిపోయిందని నిర్మాణ సంస్థ ఆ తర్వాత వాదించింది. 2019 జూన్ 21న ప్రారంభోత్సవం జరుపుకున్న కట్టడం అసలు ఏ రోజుకు పూర్తయినట్టు లెక్క అన్నది నాలుగేళ్ల తర్వాత తగవుగా మారడం బయటివారికి విడ్డూరంగా తోచవచ్చు కానీ, ఇంజినీరింగ్ శాఖల ఫైళ్లు తిరగేసినవారికి అదేమంత కొత్త కాదు. ప్రారంభోత్సవ తేదీ శిలాఫలకం మీద ఉంటుంది. ఆనాటికి మిగిలిపోయిన పనుల జాబితా కోసం మాత్రం బీరువాలు వెతకాలి.

ప్రభుత్వ పనులంటే ఎస్టిమేటు ఎంత పెంచారు, ఎంత శాతం తక్కువకు కోట్ చేశారు, ఆంధ్రప్రదేశ్‌లో 2024 దాకా సాగిన రివర్స్ టెండరింగ్‌లో (ధర ఇంకా తగ్గించేందుకు మళ్లీ పెట్టే పోటీలో) ఎంత మిగిలింది అన్నవే మన చర్చలన్నీ. అగ్రిమెంటు మీద సంతకాలయ్యాక పని ఎలా నడుస్తోందో అడిగేవారు తక్కువ. నా అంచనాలో ప్రజాధనానికి అసలు గండి అక్కడే పడుతోంది.

జరిగిన పని కొలతలు రాసే పుస్తకమే ఎంబీ (మెజర్‌మెంట్ బుక్); దాన్ని బట్టే బిల్లు. పునాది గుంత పొడవు, వెడల్పు, లోతు అందులోకి ఎక్కవలసింది గుంత కళ్లకు కనబడుతున్నప్పుడే. కడ్డీలు ఎంత ఎడంగా కట్టారో చూడవలసింది కాంక్రీటు పడకముందే. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కొలిచి రాయాలి, పైనున్న డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) సరిచూడాలి, ఆపైనున్న ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) అక్కడక్కడ మళ్లీ కొలిపించాలి. మార్చి నెలాఖరున, ఆరు నెలల కొలతలు ఒకే సిరాతో, ఎక్కడా కొట్టివేత లేకుండా, దుమ్ము మరక కూడా అంటకుండా నిండిన ఎంబీని చూస్తే అది సైటు మొహం చూడలేదని ఇట్టే తెలిసిపోతుంది. కాంక్రీటు దిమ్మెల బలం చూసే 7 రోజుల, 28 రోజుల క్యూబ్ పరీక్షల ఫలితాలకూ ఇదే వర్తిస్తుంది. బిల్లు చెల్లించాక వచ్చిన ఫలితంతో ఎవరినీ నిలదీయలేం.

అయితే నిలదీయడానికి శాఖకు నోరుండాలి కదా! బిల్లులు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి పెండింగులో పెట్టి, పనిలో నాణ్యత లేదేమని ఏఈ గట్టిగా అడగగలడా? రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, ఏ పార్టీ ప్రభుత్వమున్నా, బకాయిల కోసం కాంట్రాక్టర్లు కార్యాలయాల చుట్టూ తిరగడం మామూలైపోయింది. అప్పుకు వడ్డీ కడుతున్న కాంట్రాక్టర్ ముందు మేస్త్రీల సంఖ్య తగ్గిస్తాడు, తర్వాత సిమెంటు తగ్గిస్తాడు. అది చూసిన ఇంజినీరు చూడనట్టు ఊరుకుంటాడు. సకాలంలో డబ్బివ్వడాన్ని కాంట్రాక్టర్‌కు చేసే ఉపకారంగా భావించడం పొరపాటు. పనిని అదుపులో పెట్టే అధికారం శాఖకు దక్కేది దానివల్లనే.

గడువు పొడిగింపుల సంగతి మరీ అన్యాయం. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 55వ సెక్షన్ ప్రకారం, గడువే కీలకమైన ఒప్పందంలో ఆలస్యంగా జరిగిన పనిని అంగీకరించేవారు, నష్టపరిహారం కోరే ఉద్దేశం ఉంటే ఆ మాట అంగీకరించే వేళకే తెలియజేయాలి. మనవాళ్లు భూమి అప్పగించడంలో జాప్యమెంతో, డ్రాయింగులు ఎప్పుడిచ్చారో, వానలకు ఎన్ని రోజులు పని ఆగిందో, కాంట్రాక్టర్ వల్ల ఎన్ని రోజులు పోయాయో విడివిడిగా రాసిపెట్టకుండానే పొడిగింపు మీద పొడిగింపు ఇస్తారు. ఆపైన మధ్యవర్తి ముందు శాఖ ఉత్త చేతులతో నిలబడుతుంది. అడ్డంకుల రిజిస్టర్‌లో వారం వారం ఇద్దరి సంతకాలూ ఉంటే ఈ తలనొప్పి సగం తీరుతుంది.

కొత్త కట్టడాలకు కనీసం టీవీ కెమెరాలు వస్తాయి. మరమ్మతులకు ఆ భాగ్యమూ లేదు. గుండ్లకమ్మ రిజర్వాయర్‌లో 2022 ఆగస్టులో ఒక గేటు కొట్టుకుపోయింది. దాని పక్క గేట్లనైనా వెంటనే బాగుచేయించి ఉండాల్సింది. 2023 డిసెంబరులో ఇంకోటి పోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకుపోతే, పారుతున్న నీటిలోనే స్టాప్‌లాగ్ (గేటు స్థానంలో తాత్కాలికంగా నీటిని ఆపే పలక) దించి వారంలో అడ్డుకట్ట వేయగలిగారు. ఆ నేర్పును మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ వారం రోజుల్లో కదిలిన క్రేన్లు, ఫైళ్లు, అధికారులు ఏ వేసవిలోనో కదిలి ఉంటే రైతులకు అంత దడ ఉండేది కాదు. వర్షాకాలానికి ముందూ తర్వాతా తనిఖీలు జరగాలని 2021 నాటి డ్యామ్ భద్రత చట్టం చెబుతోంది. మేడిగడ్డలోనూ తనిఖీలు, నిర్వహణ సరిగా జరగలేదనే జాతీయ డ్యామ్ భద్రత సంస్థ వేలెత్తి చూపింది.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే 5 ఏళ్లు నిర్వహణ చూడాలన్న షరతు మొదటి ఒప్పందంలోనే ఉంటుంది. గేట్లకూ అలాంటి బహువార్షిక ఒప్పందమే కావాలి. గేటును ఎత్తి దించి చూపించాకే వాయిదా చెల్లించాలి. ఆ డబ్బును ఏటా కొత్తగా మంజూరు చేయించుకునే పని లేకుండా ముందే విడిగా ఉంచాలి. గ్రీజుకు, రబ్బరు సీళ్లకు, గొలుసులకు ఏప్రిల్‌లో పంపిన ప్రతిపాదన ఆగస్టులో ఆమోదమై తిరిగొస్తే, అప్పటికి గేటు నిండు నీళ్లలో ఉంటుంది.