శ్రీయుత బ్యాక్‌లింక్ గారికి, వరంగల్ కొత్తవాడ నుంచి

అయ్యా,

కొత్తవాడలో ఒక దర్రీల దుకాణం వెబ్‌సైట్ చూసుకునేవాడు రాసుకుంటున్న మనవి. మీరంటే వేరే సైట్లు మా సైటుకు ఇచ్చే లింకులు, మీరు ఎక్కువైతే గూగుల్ వెతుకులాటలో మేం పైకి వస్తామట. మీరు క్షేమంగానే ఉన్నారని నెలనెలా వచ్చే ఎక్సెల్ షీట్ చెబుతూనే ఉంది. మీ సంఖ్య పెరుగుతోంది, పక్కన ఆకుపచ్చ బాణం ఆకాశం వైపు చూస్తోంది. దర్రీలు మాత్రం అరల్లోంచి కదలడం లేదు.

మీ పుట్టుక గొప్పదే, కాదనను. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న, గూగుల్ పెట్టిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ మీకు సాక్షి హోదా కట్టబెట్టారు. ఒక పరిశోధన పత్రాన్ని ఎంతమంది ఉటంకిస్తే దానికి అంత విలువ అన్న పాత లెక్కనే వెబ్ పేజీలకు వర్తింపజేశారు. ఒక పేజీ ఇంకో పేజీకి లింక్ ఇచ్చిందంటే దాని తరఫున సాక్ష్యం చెప్పినట్టు. సాక్షి పెద్దమనిషైతే మాటకు బరువెక్కువ. ఆ పెద్దమనిషే ఊరందరికీ సాక్ష్యాలు పంచుతూ పోతే ఒక్కొక్కరి వాటాకు వచ్చేది చిటికెడు. సంబంధం ఖాయం చేసుకునే ముందు పిల్లగాడి పక్కింటివాళ్లను అడిగి చూడటం లాంటిదే ఇదంతా. (ప్రకటనల డబ్బుతో నడిచే సెర్చ్ ఇంజిన్ ప్రకటనలిచ్చేవాళ్ల వైపే మొగ్గుతుందని కూడా ఆ ఇద్దరూ అదే ఏడాది పత్రంలో రాశారు. ఆ పేజీ మళ్లీ తిరగేసే తీరిక వాళ్లకు దొరికినట్టు లేదు.)

అంత మర్యాదస్థులైన మిమ్మల్ని హన్మకొండలో ఒక ఏజెన్సీవాళ్లు సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని ప్యాకేజీలు కట్టి అమ్ముతున్నారు. మేం గోల్డ్ తీసుకున్నాం. "టెన్షన్ పడకండి సార్, అన్నీ హై అథారిటీ లింకులే" అన్నారు. ఆ అథారిటీ నంబరు, ఒక సైటుకు ఎంత పలుకుబడి ఉందో బయటి కంపెనీలు సొంతంగా వేసుకున్న అంచనా. దాంతో తనకు పని లేదని గూగుల్ ఎన్నోసార్లు చెప్పింది. అయినా ఆ నంబరు పెరిగిన కొద్దీ మీ రేటు పెరుగుతుంది.

షీట్‌లోని మీ చిరునామాలు ఒక్కొక్కటే తెరిచి చూశాను. ఒకటి కుక్కలకు పట్టే గోమార్ల గురించిన సైటు. ఇంకొకటి ఏ దేశానిదో పళ్ల డాక్టరు పేజీ. మూడోది కొంత దగ్గరిది, రామప్ప గుడి మీద వ్యాసం. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, ఇటుకలు నీళ్లలో తేలుతాయి, మదనికల శిల్పాలు చూసి తీరాలి అంటూ చక్కగా సాగుతోంది. మదనిక నగల వర్ణన మధ్యలో, ఉన్నట్టుండి, నీలం రంగులో, కింద గీతతో "బెడ్‌రూముకు చవక దర్రీలు కొనండి" అని ఉంది. మళ్లీ తర్వాతి వాక్యంలో నంది. ఆ నంది కూడా తల తిప్పి మీ వంకే చూసి ఉంటుంది.

ఇవన్నీ మా పెద్దనాన్నకు ఫోన్లో చూపించాను. ఊహ తెలిసినప్పటి నుంచి మగ్గం మీద ఉన్న మనిషి. కళ్లద్దాలు పైకి జరిపి, పళ్ల డాక్టరు ఫొటో కాసేపు చూసి, "ఈయనెవరు బిడ్డా? ఎన్నడన్న మన దర్రి మీద కూసున్నడా?" అని అడిగాడు.

దీనికి జవాబు మీరే చెప్పాలి. ప్లాటినం ప్యాకేజీలో ఉన్నా సరే.

మీ మీద నిఘా లేదని కాదు. 2005లోనే నోఫాలో అన్న గుర్తు వచ్చింది, అది తగిలించిన లింకు సాక్ష్యం కింద లెక్కకు రాదని. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ పేరుతో తన లెక్క మార్చి గూగుల్ విరుచుకుపడితే కొనుక్కున్న లింకుల మీద బతికే సైట్లు రాత్రికి రాత్రే కింద పడ్డాయి. ఆ అక్టోబరులో, ఫలానా లింకులతో నాకు సంబంధం లేదు మహాప్రభో అని రాసిచ్చుకునే వెసులుబాటు కూడా పెట్టారు. 2016 తర్వాత పద్ధతి మారి, దొంగ లింకుకు శిక్ష వేయడం తగ్గించి, దాన్ని చాలావరకు పట్టించుకోవడమే మానేశారు. అంటే మా గోల్డ్ డబ్బుకు ఫలితం దండన కూడా కాదు, ఉత్త సున్నా. తిట్టినా కొంత గౌరవంగా ఉండేది.

అసలైన సాక్షులు మాకు లేరా అంటే, బోలెడు మంది ఉన్నారు. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అని చెప్పే ముద్ర. పేపర్లవాళ్లు వచ్చారు, ఫొటోలు తీశారు, సగం పేజీ రాశారు, లింక్ మాత్రం ఇవ్వలేదు. ఆఫీసువాళ్ల జాబితాలో మా పేరుంది, అది స్కాన్ చేసిన పీడీఎఫ్, అందులో నొక్కడానికేమీ లేదు. కరీంనగర్ అక్క ఒకావిడ మా దగ్గర జంపఖానా కొని, పెళ్లిలో పరిచి, ఆ ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టింది. వాళ్ల చెల్లెలు, ఆడబిడ్డ, ఆడబిడ్డ తోటికోడలు వరుసగా ఫోన్లు చేశారు. ఈ నెలలో నడిచిన బేరమంతా ఆ ఫోన్లదే. ఆ అక్క మాట మీ ఖాతాలో పైసా కూడా కాదు, గోమార్ల సైటుకు మాత్రం ఒక వరస రాసి పెట్టారు!

నిన్న ఏజెన్సీ అబ్బాయి రెన్యువల్ కోసం ఫోన్ చేశాడు. డబ్బు కట్టకపోతే లింకులు తీసేస్తారట. శుభం, ఇవాళే తీసేయండి అన్నాను. కాసేపు లైన్లో ఎవరితోనో మాట్లాడి, మళ్లీ వచ్చి, వాటంతటవి పోవాలంటే ఏడాది పడుతుందని, వెంటనే తీయించాలంటే ఒక్కో లింకుకు చార్జీ వేరేగా ఉంటుందని చెప్పాడు. అందులోనూ సిల్వర్, గోల్డ్ ఉన్నాయట.

ఇట్లు,
మీ గోల్డ్ కస్టమర్