తండా పంచాయతీ అయింది, పైసలు ఎవరి చేతిలో ఉన్నాయి?

'మా తండాలో మా రాజ్యం' అని లంబాడాలు ఏళ్ల తరబడి అడిగారు. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ఆ కోరికను సగం తీర్చింది. 500 జనాభా ఉన్న తండాలు, గూడేలను విడి పంచాయతీలు చేయడంతో రాష్ట్రంలో పంచాయతీల సంఖ్య 12,751కి చేరింది. నల్లగొండ జిల్లాలోని దేవరకొండ, చందంపేట, డిండి, దామరచర్ల తండాలకు ఇది చిన్న విషయం కాదు. అంతకుముందు తండా మనిషి గెలిస్తే పెద్దూరి పంచాయతీలో ఓ వార్డు మెంబరు, అంతే. నూటికి నూరు శాతం గిరిజనులున్న పంచాయతీల్లో సర్పంచ్ నుంచి వార్డు దాకా అన్నీ ఎస్టీలకే రిజర్వు చేయడం కూడా ఈ చట్టంలోని మేలే.

మిగతా సగం పైసల దగ్గర ఆగింది. పల్లె ప్రగతి అనే ప్రభుత్వ కార్యక్రమంలో ప్రతి పంచాయతీ ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకర్ కొనాలన్నారు. చాలాచోట్ల బ్యాంకు లోను తీసుకున్నారు. ఐదువేల జనాభా ఉన్న ఊరికి ఆ కిస్తీ బరువు కాదు. ఆరేడు వందల మంది ఉన్న తండాకు ఆర్థిక సంఘం గ్రాంటు ఎక్కువగా తలల లెక్కనే వస్తుంది. అందులోంచి ట్రాక్టర్ కిస్తీ, డీజిల్, వీధి దీపాల కరెంటు బిల్లు, మల్టీపర్పస్ వర్కర్ జీతం కట్టాక మోరీ తీయించడానికి మిగిలేదెంత? పోనీ ఇంటి పన్ను వసూలు చేద్దామంటే పంటలు అయిపోగానే సగం ఇళ్లకు తాళాలు పడతాయి. జనం హైదరాబాద్‌లో అడ్డా మీద ఉంటారు, లేదంటే ముంబై, పుణెల్లో. రోడ్డు మీది దుకాణాలు, రైస్ మిల్లు, పెట్రోల్ బంకు మాత్రం ఎక్కువగా పాత పెద్దూరి హద్దులోనే ఉండిపోయాయి. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు తమ్ముడికి అప్పులో వాటా రాసి, బావి అన్న వైపు ఉంచినట్టయింది.

చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరూ సంతకం పెట్టాలి. వాళ్లకు పడకపోతే పనులు ఆగుతాయి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకకపోతే చర్యలుంటాయి. సర్పంచ్‌ను సస్పెండ్ చేసే అధికారం కలెక్టర్‌కు ఉంది. సొంతంగా అప్పు తెచ్చి పనులు చేయించి, బిల్లుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన సర్పంచుల కథ జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. 2024 ఫిబ్రవరి మొదట్లో పదవీకాలం ముగిశాక దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులే నడిపారు. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్ర ఆర్థిక సంఘం నిధులూ ఆగాయి. 2025 డిసెంబరులో గెలిచినవాళ్లు కుర్చీతో పాటు ఆ కాలం టెన్షన్లన్నీ నెత్తికెత్తుకున్నారు.

ఈ సంగతి తెలంగాణకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1956లో పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నప్పుడు ఈ ప్రాంతానికి ప్రాంతీయ సంఘం ఇచ్చారు. సలహాలు చెప్పే హక్కు ఇచ్చారు గానీ ఖజానా తాళం ఇవ్వలేదు. మిగులు నిధులు ఎటు పోయాయన్న లెక్క మీదే 1969లో ఉద్యమం లేచింది. లెక్క తేల్చడానికి భార్గవ కమిటీని వేయాల్సి వచ్చింది. 1973లో ఆరు సూత్రాల పథకంతో ఆ సంఘాన్నీ ఎత్తేశారు. నీళ్లు, నిధులు, నియామకాలని కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రం తన కింది పంచాయతీకి ఇచ్చిందేమిటంటే, దాదాపు ఆ ప్రాంతీయ సంఘమే. పార్టీ మారినా ఈ తీరు మారలేదు కాబట్టి ఒక్క ప్రభుత్వాన్ని తిట్టి ఊరుకోలేం.

నల్లమలకు పోతే సంగతి తిరగబడుతుంది. దేవరకొండ తండాలు గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక రక్షణ ఇచ్చే రాజ్యాంగం ఐదో షెడ్యూల్‌లో లేవు. అమ్రాబాద్ వైపు చెంచుల ప్రాంతం మాత్రం అందులో ఉంది. అక్కడ గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం వర్తిస్తుంది, మన్ననూరులో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఉంది, సర్పంచ్ పదవి ఎస్టీకే. చట్టాలకు కొదవ లేదు. అయినా పెంటకు, అంటే చెంచుల చిన్న ఊరికి, రోడ్డు వేయాలన్నా బోరు దించాలన్నా అటవీ శాఖను అడగాల్సిందే, ఎందుకంటే అది పులుల అభయారణ్యం కూడా. అడవి లోపలి నుంచి బయటికి వస్తే కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ అంటున్నారు. గ్రామసభ ఒప్పుకోకుండా కదిలించకూడదని వన్యప్రాణి చట్టమే చెబుతోంది. కానీ పెంటకూ పెంటకూ మధ్య కిలోమీటర్ల అడవి ఉన్నచోట గ్రామసభకు ఎవరొస్తారు, ఎవరు మాట్లాడతారు? పైగా ఎస్టీ రిజర్వేషన్ అంటే అందులో లంబాడా, చెంచు ఇద్దరూ ఉన్నారు. ఓట్లు ఎవరివి ఎక్కువైతే కుర్చీ వాళ్లది. లంబాడాలను తప్పుపట్టే మాట కాదిది. 1976 చట్టంతో ఎస్టీ జాబితాలో చేరిన వాళ్లు, ఈరోజు రాష్ట్రంలో పెద్ద గిరిజన సమూహం. చెంచులు కొన్ని వేల మందే. 2019లో యురేనియం సర్వే మీద ఊళ్లన్నీ కలిసి లేచినప్పుడు అసెంబ్లీ తీర్మానం దాకా వెళ్లింది. అదే చెంచులు ఒక్కరే బోరు అడిగితే ఫైలు కదలదు.

చిన్న పంచాయతీలు గిట్టుబాటు కావు, మళ్లీ పెద్దూళ్లలో కలిపేయండి అనే వాదన హైదరాబాద్‌లో వినిపిస్తుంటుంది. లెక్కల్లో అది సబబుగానే కనిపిస్తుంది. కానీ కలిపేస్తే తండా మళ్లీ వార్డు మెంబరు దగ్గరికే పోతుంది. దాని బదులు జనాభాతో పని లేకుండా ప్రతి పంచాయతీకి కనీస గ్రాంటు ఖాయం చేయొచ్చు, ట్రాక్టర్‌ను నాలుగైదు తండాలు కలిసి వాడుకునేలా చేయొచ్చు, ఇసుక, కంకర తవ్వకం మీద ప్రభుత్వానికి వచ్చే రుసుము సీనరేజీలో వాటా నేరుగా ఖాతాలో వేయొచ్చు. చెంచు పెంటలకైతే వార్డుల రిజర్వేషన్ మొత్తంగా ఎస్టీ పేరుతో కాకుండా ఆదిమ గిరిజనుల లెక్కతో చూడాలి. దానికి చట్ట సవరణ కావాలి, గొడవా అవుతుంది. అయినా అసెంబ్లీలో దాని మీద ఒక పూట చర్చ పెట్టడానికి ఏం అడ్డం?