నల్ల ఇంకు బుడ్డికి, కర్నూలు నుంచి

ఏమే నల్ల ఇంకు బుడ్డీ,

ముప్పై ఏళ్లు గుమాస్తాగా నీతో ఫైళ్లు నింపినవాణ్ణి రాస్తున్నా. సర్వీసంతా నువ్వు నల్లదానివనే నమ్మాను. రిటైరయ్యాక గానీ నీ బండారం బయటపడలేదు.

ఆ రోజు కొండారెడ్డి బురుజుకు ఎదురుగా టీకొట్టు బెంచీ మీద కూర్చుని, ఊసుపోక పెన్నుతో బురుజు గీస్తున్నా. మంచినీళ్ల గ్లాసు అడుగున ఉన్న తడి టపుక్కున బొమ్మ మీద పడింది. తుడవబోయి ఆగిపోయా. గీతలోంచి ముందు నీలం పాకింది, దాని వెనకే లేత ఊదా. గీత దగ్గర మాత్రం ఇటుకపొడి లాంటి రంగు కదలకుండా కూర్చుంది. ఒక్క చుక్కకే కడుపులో ఉన్నదంతా కక్కేశావు! మూడు నాలుగు రంగులు కలిపి నలుపని పేరు పెట్టుకున్నావన్నమాట. నీళ్లతో పరిగెత్తేది దూరం పోతుంది, కాగితాన్ని పట్టుకునేది అక్కడే ఆగుతుంది. మా యూనియన్ కూడా బదిలీల సీజన్‌లో అచ్చం ఇలాగే విడిపోయేది.

అంతే, పిచ్చి పట్టింది. బ్రష్షు కొన్నా. మిగిలిపోయిన ఆఫీసు కాగితం మీద నీళ్లు పూస్తే నూనెలో వేసిన అప్పడంలా మెలికలు తిరిగింది. 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటి కాగితం తెప్పించా. నీకంటే నీ పరుపుకే ఎక్కువ ఖర్చయింది. ఇక మే నెలలో మన ఊరి ఎండకు ఆకాశం సగం పూసేసరికి మొదటి సగం ఆరిపోయి, మధ్యలో పొలం గట్టులా గీత పడేది. రిటైరైనా తెల్లారి ఐదింటికి లేస్తున్నానంటే నీ పుణ్యమే.

అవన్నీ సరే. అసలు కోపం వేరే ఉంది. బురుజు, తుంగభద్ర కలిపి ఒక బొమ్మ వేసి, ఫ్రేమ్ కట్టించి, పడమటి కిటికీ ఎదురుగా తగిలించా. ఏడాది తిరిగేసరికి నదిలో నీలం లేదు. బయటి తుంగభద్ర ఎండితే ఎగువన వానలు పడి మళ్లీ వస్తుంది. గోడ మీది తుంగభద్రకు ఏ డ్యామ్ గేట్లు ఎత్తమంటావు? మా ఆవిడ చూసి, "ఏమండీ, ఉత్త కాగితానికి ఫ్రేమ్ కట్టించినారేంది?" అంది.

అదే నువ్వు, 1989 నాటి నా పెళ్లి చొక్కా జేబు మీద మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు! ఎన్ని ఉతుకులు ఉతికినా పోక, చివరికి ట్రంకుపెట్టెలో దాచేశాం. చీకట్లో అయితే హాయిగా ఉంటావు, వెలుతురు తగిలితేనే వెలిసిపోతావు. ఆ సంగతి ముందే చెబితే నీ సొమ్మేం పోయింది? వేలి మీద పెట్టే ఓటు సిరాను చూసి నేర్చుకో. 1962 ఎన్నికల నుంచి డ్యూటీలో ఉంది. అందులో ఉండే సిల్వర్ నైట్రేట్ వెలుతురు పడితే ఇంకా నల్లబడుతుంది. ఇంటిపేరు ఒకటే, బుద్ధులే వేరు.

నీ మీద అలిగి ఒకసారి డ్రాయింగ్ ఇంకు పెన్నులో పోశా. అదీ నీ చుట్టమే కదా అనుకున్నా. దాంట్లో లక్క ఉంటుందట. ఎండకు వెలవదు, నీళ్లకు కరగదు, నిజమే. కానీ మా నాన్న ఇచ్చిన పెన్ను గొంతు పట్టేసింది. వారం రోజులు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టినా పాళీ నోరు విప్పలేదు. మళ్లీ నీ గుమ్మమే తొక్కాను.

ఒక్క విషయంలో మాత్రం నిన్ను మెచ్చుకోవాలి. వానాకాలం కాలవల పక్కన చల్లే బ్లీచింగ్ పౌడర్ చిటికెడు నీళ్లలో కలిపి, పైకి తేలిన తేట నీటిలో పాత బ్రష్షు ముంచి, నువ్వు పులుముకున్న రాత్రి మీద గుండ్రంగా తిప్పా. క్షణంలో నలుపు పోయి, పసుపు కలిసిన తెలుపు తేలింది. బురుజు మీద పున్నమి చంద్రుడు! అరగంట కుర్చీలోంచి లేవలేదు. ఆ బొమ్మను ఏ గోడకూ తగిలించలేదు. ట్రంకుపెట్టెలో చొక్కా పక్కనే పెట్టా.

ఈ ఉత్తరం నీతోనే రాశా, అలవాటు చావదు కదా. కవరు మీద అడ్రసు మాత్రం బాల్‌పెన్‌తో రాశా. బయట ముసురు పట్టింది.

ఇట్లు,
నీ చేత మరకలు పడ్డ వేళ్లవాడు