హాల్‌స్టాట్‌లో మనుషులెందుకు?

ఆస్ట్రియాలో ఆల్ప్స్ కొండల కింద, సరస్సు ఒడ్డున హాల్‌స్టాట్ అనే ఊరుంది. ఊరి మీద నాకే ఫిర్యాదూ లేదు, ఊళ్ళోవాళ్ళ మీదే. ఉన్నదే ఏడొందల చిల్లర మంది. సీజన్లో రోజుకి 10,000 మంది దాకా బోలెడంత చార్జీలు పెట్టుకుని వస్తుంటే, వీళ్ళు మాత్రం టికెట్టూ గికెట్టూ లేకుండా ఏడాది పొడుగునా ఆ సరస్సునే చూస్తూ కూర్చుంటున్నారు. పైగా మనం ఫొటో తీస్తుంటే కూరగాయల సంచీతో అడ్డంగా నడిచిపోతారు. ఎక్కడికయ్యా అంటే ఇంటికట!

1997లోనే యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదల్లో చేర్చింది. అంటే ఊరు ప్రపంచానిది. ఆ ప్రపంచం వచ్చి వంటింటి కిటికీలోంచి తొంగి చూస్తే తప్పేముంది? ఏది మ్యూజియమో, ఏది ఇల్లో బయటి నుంచి తెలిసి చావదు కదా.

అయినా 2023 ఆగస్టులో వీళ్ళు రోడ్డెక్కారు. రోజుకి ఇంతమందే రావాలట, సాయంత్రం 5 దాటాక టూరిస్టు బస్సులు రాకూడదట. ఏడు వేల ఏళ్ళుగా ఉప్పు తవ్వుకుంటున్న ఊరు ఇది. ఇనుపయుగపు సంస్కృతి ఒకదానికి దీని పేరే పెట్టారు. ఇప్పుడు తింటున్నది టూరిస్టుల ఉప్పు. ఆ విశ్వాసమైనా ఉండొద్దూ?

వీళ్ళకంటే వీళ్ళ పూర్వీకులు నయం. కొండకీ నీళ్ళకీ మధ్య శ్మశానానికి చోటు చాలక, పాతిపెట్టిన పది పదిహేనేళ్ళకి ఎముకలు పైకి తీసి, పుర్రెని ఆరబెట్టి, నుదుటి మీద పేరు రాసి, చుట్టూ గులాబీలో ఆకుల దండో చిత్రించి సర్దిపెట్టేవారు. చర్చి పక్క చిన్న గదిలో అలాంటి రంగు పుర్రెలు ఇప్పటికీ 600 పైచిలుకు ఉన్నాయి. గడువు కాగానే చోటు ఖాళీ చేశారు, ఒక్కరూ నోరెత్తలేదు, ఇప్పుడు టికెట్ మీద దర్శనమిస్తున్నారు. పేరు అడిగే పని కూడా లేదు. ఆదర్శ పౌరులంటే వాళ్ళు! పెద్దవాళ్ళే అంత సర్దుకుపోతే బతికున్నవాళ్ళకి ఏమిటంత పట్టుదల?

చైనావాళ్ళు 2012లోనే దారి చూపించారు. గ్వాంగ్‌డాంగ్‌లో చర్చి గోపురంతో సహా అచ్చు ఇలాంటి ఊరే కట్టిపారేశారు. సంగతి తెలిసి అసలు ఊరివాళ్ళు గతుక్కుమన్నారు గానీ, నాకైతే నకలే మెరుగనిపిస్తుంది. ఇది మా తాతల నాటి ఇల్లు అని గుమ్మంలో నిలబడి గదమాయించేవాడు అక్కడ ఒక్కడూ దొరకడు.

అన్నట్టు, రోడ్డెక్కడానికి మూడు నెలల ముందు, సెల్ఫీలు దిగేచోట సరస్సు కనపడకుండా చెక్క కంచె కట్టారు. సోషల్ మీడియాలో తిట్లు పడేసరికి పీకేశారు. ఇక్కడ మనుషులు కాపురముంటున్నారని గుర్తుచేసే బ్యానర్ పెట్టే ఆలోచన కూడా చేశారు మేయర్‌గారు. పెట్టేట్టయితే కాస్త పక్కకి, చర్చీ కొండా ఒక్క ఫ్రేములో పడేటట్టు చూసి పెట్టించమని మనవి.