బంతి తప్ప అన్నీ ముట్టుకోనిచ్చే ఓసీఐ కార్డు గారికి

విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చే మహారాజశ్రీ ఓసీఐ కార్డు గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమందరం క్షేమం. ఫుట్‌బాల్ ఒక్కటే క్షేమంగా లేదు. 2025 నవంబర్ 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో ఒకటి–సున్నాతో ఓడిపోయాం. పదకొండో నిమిషంలో గోల్ తిన్నాం, మిగతా సమయమంతా దాన్ని అరిగించుకోవడానికి సరిపోయింది. బంగ్లాదేశ్ మన మీద గెలవడం 2003 తర్వాత మళ్ళీ అప్పుడే. ఆసియా కప్‌కి వెళ్ళే దారి రెండు జట్లకీ అప్పటికే మూసుకుపోయింది కాబట్టి ఇది ఒట్టి పరువు మ్యాచ్. ఆ పరువు కూడా ఢాకాలోనే దిగబెట్టి వచ్చాం.

తమరికీ దీనికీ ఏం సంబంధమని కనుబొమ్మలు ఎగరేయకండి. ఫస్టాఫ్‌లో మన ఛాంగ్తే కొట్టిన బంతి గోల్‌లోకి పోతుంటే తల అడ్డం పెట్టి ఆపిన పెద్ద జుట్టు మనిషి గుర్తున్నాడా? హంజా చౌధురి. పుట్టింది ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో, పెరిగింది లెస్టర్ సిటీ క్లబ్బులో, 2021లో ఎఫ్‌ఏ కప్ గెలిచిన జట్టు సభ్యుడు. ఇంగ్లండ్ అండర్–21కి కూడా ఆడాడు. వాళ్లమ్మది బంగ్లాదేశ్. ఆ దేశం పాస్‌పోర్ట్ తీసుకున్నాడు, బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఎవరికీ అప్పజెప్పకుండానే వచ్చి ఆడాడు. అదే మిడ్‌ఫీల్డ్‌లో ఉన్న షమిత్ షోమ్ కెనడాలో పుట్టి, కెనడాకే రెండు ఫ్రెండ్లీలు ఆడినవాడు. ఇద్దరూ ఎంచక్కా ఎర్రా పచ్చా జెర్సీ తొడుక్కుని మన వాళ్ల కాళ్ల మధ్య నుంచి బంతులు లాక్కున్నారు.

మరి మనవైపు? రయన్ విలియమ్స్ ఉన్నాడు. పెర్త్‌లో పుట్టినవాడు. వాళ్లమ్మ ముంబైకి చెందిన ఆంగ్లో ఇండియన్, తాతగారు 1950ల్లో బొంబాయి తరఫున రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ ఆడారు. 2019లో ఆస్ట్రేలియాకి ఒక ఫ్రెండ్లీ ఆడిన ఈయన 2025లో ఆ దేశపు పౌరసత్వం వదులుకుని భారతీయుడయ్యాడు. అప్పటికి వయసు 32. అంత త్యాగం చేసి వచ్చినా, ఆడించడానికి కావాల్సిన ఇంకో కాగితం సమయానికి రాలేదు. ఢాకాలో బంతి తాకలేకపోయాడు. రెండు పాస్‌పోర్టులున్నవాడు ఆడాడు, ఒకటి వదులుకున్నవాడు చూశాడు.

ఇప్పుడు తమరి సంగతికి వద్దాం.

తమరి గొప్పతనం నాకు తెలియనిది కాదు. తమరు జేబులో ఉంటే జీవితాంతం వీసా అక్కర్లేదు. కొంపల్లిలో ఫ్లాట్ కొనుక్కోవచ్చు, షేర్లు కొనుక్కోవచ్చు, కంపెనీ పెట్టుకోవచ్చు. పొలం మాత్రం కొనకూడదు, ఓటు వేయకూడదు, సరే, అవి పెద్ద విషయాలు, వదిలేద్దాం. గోల్కొండ కోట గేటు దగ్గర తమరిని చూపిస్తే ఫారినర్ల రేటు కాకుండా మనవాళ్ల రేటుకే టికెట్ ఇస్తారు. కోట ఎక్కడానికి భారతీయుడు. అక్కడి నుంచి బండి వేసుకుని గచ్చిబౌలి స్టేడియానికి వెళ్ళి, బూట్లు కట్టుకుని గ్రౌండ్‌లోకి దిగబోతే మాత్రం ‘ఎవరు బాబూ మీరు?’

ఇది 2008 చివర్లో తీసుకున్న నిర్ణయం. భారత పాస్‌పోర్ట్ ఉంటేనే భారత జట్టు అని క్రీడల శాఖ తేల్చేసింది. అప్పటి నుంచి తమరి పని విందుకు పిలిచి విస్తరి వేయకపోవడంలా తయారైంది. ఇవి చాలవన్నట్టు 2015లో భారత సంతతివాళ్లకే ఇచ్చే పాత పీఐఓ కార్డును కూడా తమరిలో కలిపేసుకున్నారు. ఆవిడ ఎక్కడుందో పాపం. ఇంకా తమరి దరఖాస్తుకి అతికించాల్సిన ఆ చదరపు ఫొటో గురించి నేనేమీ అనను, దాని మీద డల్లాస్ నుంచి మెల్‌బోర్న్ దాకా మనవాళ్లు పెట్టిన శాపనార్థాలు ఇప్పటికే సరిపడా ఉన్నాయి.

మా మేనల్లుడు ఫ్రిస్కోలో ఉంటాడు. అమెరికాలో పుట్టాడు, తమరు వాడి దగ్గర ఉన్నారు. ఢాకా మ్యాచ్ జరుగుతుండగా వాట్సాప్‌లో అడిగాడు, ‘మామయ్యా, ఆ జుట్టాయన లెస్టర్ ప్లేయర్ కదా, బంగ్లాదేశ్‌కి ఎలా ఆడుతున్నాడు?’ అని. చెప్పాను. ‘మరి మనకి అలాంటివాళ్లు ఎవరూ లేరా?’ అన్నాడు. ఆ ‘మనకి’ అన్న మాట దగ్గర నాకు ఆ గోల్ కంటే ఎక్కువ కాలింది సార్. వాడు ఫోర్త్ ఆఫ్ జులైకి టపాసులు కాల్చేవాడే, జనగణమన మొత్తం వచ్చా అంటే సగంలో నాలుక కరుచుకుంటాడు. కానీ ఇండియా ఫుట్‌బాల్ మ్యాచ్ అనగానే ‘మనకి’ అంటాడు. మనం మాత్రం వాడిని ‘మీరు’ అంటున్నాం.

ఏ దేశానికి ఆడాలన్నది వేరే దేశాల పిల్లలకి ఎంత పెద్ద తలనొప్పో తమరు చూసే ఉంటారు. లమీన్ యమాల్ స్పెయినా, మొరాకోనా అని రెండు దేశాలూ కూర్చుని లెక్కలు కట్టాయి. బోటెంగ్ అన్నదమ్ముల్లో ఒకరు జర్మనీకి, ఒకరు ఘనాకి ఆడి వరల్డ్ కప్‌లోనే ఎదురెదురు పడ్డారు. 2016 యూరోలో ఒక జాకా స్విట్జర్లాండ్, ఇంకో జాకా అల్బేనియా, స్టాండ్‌లో వాళ్లమ్మ రెండు జెండాలు సగం సగం కలిపి కుట్టిన టీషర్ట్. డియేగో కోస్టా బ్రెజిల్‌కి రెండు ఫ్రెండ్లీలు ఆడి స్పెయిన్‌కి మారితే, 2014లో బ్రెజిల్ జనం వాడి కాలికి బంతి తగిలినప్పుడల్లా ఈలలు వేసి గోల చేశారు. మునీర్ హద్దాదీ అయితే 2014లో స్పెయిన్‌కి పదమూడు నిమిషాలు ఆడిన పాపానికి మొరాకోకి ఆడటానికి ఏళ్లకేళ్లు కాళ్లు అరగదీసుకున్నాడు, 2020లో ఫీఫా రూలు మారితే తప్ప తెరిపి దొరకలేదు. తిట్లు, ఏడుపులు, కోర్టులు, ద్రోహి అన్న ముద్రలు. ఎంత టెన్షన్! ఆ టెన్షన్ పడే భాగ్యం కూడా మన పిల్లలకి లేకుండా చేశారు. మా వాడు ఏ దేశాన్నీ మోసం చెయ్యక్కర్లేదు, ఏ అభిమానుల గుండెలూ పగలగొట్టక్కర్లేదు. అడిగేవాడే లేడు.

కాదు, అడుగుతారు. ఎలా అడుగుతారో కూడా చెప్తాను వినండి. చట్టం ప్రకారం తమరు ఒక మనిషి దగ్గర ఐదేళ్లు ఉండాలి. ఆ తర్వాత పౌరసత్వానికి దరఖాస్తు పెట్టే ముందు పన్నెండు నెలలు అతను ఇక్కడే కాపురముండాలి. ఇరవై రెండేళ్ల కుర్రాడు, ఇంగ్లండ్‌లో రెండో డివిజన్ క్లబ్బులో కాంట్రాక్టు దొరికి, ఆదివారం టీమ్ లిస్టులో పేరు ఉందో లేదో చూసుకునే వయసు వాడు, అవన్నీ వదిలేసి వచ్చి ఏడాది ఇక్కడ కూర్చోవాలి. చివర్లో పుట్టిన దేశం పాస్‌పోర్ట్ తిరిగి ఇచ్చేయాలి. తర్వాత యూరప్‌లో ఆడాలంటే వర్క్ పర్మిట్ కోసం మళ్ళీ మొదటి నుంచి క్యూ. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ క్లబ్బుకి ఆడిన భారత సంతతి మైకేల్ చోప్రా ఇండియాకి ఆడాలనుకున్నాడు, బ్రిటిష్ పౌరసత్వం దగ్గరే ఆగిపోయాడు. జపాన్‌లో పుట్టిన అరాటా ఇజుమి నిజంగానే వదులుకుని 2013లో మన జెర్సీ వేసుకున్నాడు. ఆ తర్వాత అదే పని చేసినవాడిగా మళ్ళీ రయన్ విలియమ్స్ పేరే వినపడింది. పన్నెండేళ్లు పట్టింది.

అంతా వదులుకుని వస్తే ఇక్కడ ఏం పెట్టి పలకరిస్తాం? 2025 నవంబర్ నాటికి ఇండియన్ సూపర్ లీగ్ మొదలే కాలేదు. లీగ్ నడిపే హక్కులకి టెండర్ పిలిస్తే బిడ్ వేసినవాడు ఒక్కడూ లేడు. 2022లో ఆ లీగ్ గెలిచిన మా హైదరాబాద్ ఎఫ్‌సీ మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ పోయి పేరు మార్చుకుంది. ‘బాబూ, నీ ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్ ఇచ్చేయ్, బదులుగా నీకు లేని లీగ్‌లో చోటిస్తాం’ అని అప్పుడు ఏ మొహం పెట్టుకుని అడిగేవాళ్లం సార్?

బయట ప్రపంచం చూడండి. మనం ఢాకాలో ఓడిన రోజే కరీబియన్ దీవి కురసావో జమైకాలో డ్రా చేసుకుని 2026 వరల్డ్ కప్‌కి అర్హత సాధించింది. జనాభా దాదాపు లక్షన్నర, అంతకంటే ఎక్కువమంది మా కూకట్‌పల్లిలో ఉంటారు. జట్టులో దాదాపు అందరూ నెదర్లాండ్స్‌లో పుట్టినవాళ్లే. కురసావో ఆ డచ్ రాజ్యంలోనే భాగం కాబట్టి పాస్‌పోర్ట్ గొడవ లేదు, ఒప్పుకుంటాను. ఆఫ్రికా పక్కనున్న దీవుల దేశం కేప్ వెర్డె కోచ్, డబ్లిన్‌లో పుట్టిన పీకో లోపెస్‌కి లింక్డిన్‌లో పోర్చుగీసులో మెసేజ్ పెట్టాడు. అతను ఏదో చెత్త మెసేజ్ అనుకుని వదిలేశాడు, కొన్ని నెలల తర్వాత మళ్ళీ అడిగితే సరేనన్నాడు. వాళ్లూ అదే వరల్డ్ కప్‌కి అర్హత సాధించారు. లింక్డిన్‌లో మనవాళ్లు లేని కంపెనీ ఉందా అసలు? 2022 వరల్డ్ కప్‌లో సెమీస్ ఆడిన మొరాకో 26 మందిలో 14 మంది బయట పుట్టినవాళ్లు. ఇక మలేసియా మరీ ఉత్సాహపడి ఏడుగురు ఆటగాళ్ల తాతల, అవ్వల బర్త్ సర్టిఫికెట్లే దిద్దించిందని ఫీఫా తేల్చింది. అది దొంగతనమే, సందేహం లేదు. కానీ అంత దొంగతనానికి కూడా కొంత ఆశ కావాలి, మనకి అదీ లేదు.

‘ఏం చేస్తాం, చట్టం ఒప్పుకోదు, ఓసీఐ వాళ్లకి కుదరదు’ అంటారు మన పెద్దలు. ఇన్నాళ్లూ నేను కూడా ఆ మాట విని తమరినే తిట్టుకునేవాడిని. ఇండోనేసియా సంగతి చదివాక ఒళ్లు మండింది. అక్కడా పెద్దవాళ్లకి రెండు పౌరసత్వాలు కుదరవు. మన చట్టమే అనుకోండి. అయినా తాతో అమ్మమ్మో అక్కడివాళ్లయిన డచ్ ఆటగాళ్లని ఒక్కొక్కరినీ వెతికి, వాళ్లతో మాట్లాడి, పార్లమెంట్‌లో ఆమోదం తెచ్చి, ప్రమాణం చేయించి జట్టులోకి తీసుకున్నారు. అప్పట్లో ఎఫ్‌సీ డల్లాస్ గోల్‌కీపర్‌గా ఉన్న మార్టెన్ పేస్ అలా వచ్చినవాడే. ఆ క్లబ్ స్టేడియం మా మేనల్లుడు ఉండే ఫ్రిస్కోలోనే. మా వాడి ఊళ్లో ఆడే ఆటగాడిని జకార్తా నుంచి వచ్చి తీసుకుపోయారు! ఇండోనేసియా వాళ్లు 2026 వరల్డ్ కప్ క్వాలిఫయింగ్‌లో నాలుగో రౌండ్ దాకా ఆడారు. మనం రెండో రౌండ్‌లో దోహాలోనే దుకాణం కట్టేశాం. 1962లో అదే జకార్తాలో ఆసియా క్రీడల గోల్డ్ కొట్టినవాళ్లం మనం. మా రహీం సాబ్ కోచ్, సికింద్రాబాద్ బలరాం ఫార్వర్డ్. వాళ్లెవరికీ ఏ కార్డూ అవసరం పడలేదు.

ఆ మాట పట్టుకుని ‘చూశావా, బయటివాళ్లు ఎందుకు, మన పిల్లలకే అవకాశం ఇవ్వాలి’ అంటారు కొందరు. ఇవ్వండి మహాప్రభో! ఎవరు అడ్డుపడ్డారు? గ్రౌండ్లు వేయండి, కోచ్‌లకి నెలనెలా జీతాలివ్వండి, లీగ్ సమయానికి మొదలుపెట్టండి. ఆ పనీ చేయరు, ఈ పనీ చేయరు. ఓడిన ప్రతిసారీ మైకు ముందుకొచ్చి ‘విదేశాల్లోని భారత సంతతి ఆటగాళ్లతో మాట్లాడుతున్నాం’ అని చెప్పి వెళ్ళిపోతారు. మాట్లాడేది ఎప్పుడు, వాళ్ల పిల్లలు రిటైరయ్యాకా? పదకొండుమందినీ దిగుమతి చేయమని నేను అనలేదు. ఆడాలని ఉన్నవాడికి ‘నువ్వు ఎటు వస్తావు’ అని అడిగే దేశంగా ఉండమంటున్నా. వాడు ఇంగ్లండ్ అంటే ఇంగ్లండ్, అమెరికా అంటే అమెరికా. మమ్మల్ని కాదని పోయినా నాకు బాధ లేదు. కాదనడానికైనా ఒకసారి అడగాలి కదా.

ఇంత కోపంలోనూ తమరి మీద నాకు పూర్తిగా ద్వేషం రావట్లేదు, అదే విచిత్రం. మా అక్క తమరిని బీరువాలో బంగారం పక్కన పెట్టుకుంటుంది. తమరున్నారన్న ధైర్యంతోనే అమ్మకి ఒంట్లో బాగోలేదంటే రాత్రికి రాత్రి విమానం ఎక్కి వచ్చేసింది. దండం పెడతాను దానికి. ఫుట్‌బాల్ విషయంలో తమరి తప్పు సగమే. మిగతా సగం తమరి వెనక దాక్కున్నవాళ్లది. కాబట్టి చిన్న సలహా. ఈసారి మనం ఎక్కడో ఓడిపోయి, ఎవరో మైకు ముందు తమరి పేరెత్తగానే, తమరి పేరు వాడుకున్నందుకు రాయల్టీ అడగండి. ఇన్నేళ్ల బాకీ వసూలైతే ఊరికో గ్రౌండ్ వేయించొచ్చు. మా మేనల్లుడి పాత బూట్లు రెండు జతలున్నాయి, అవి నేనిస్తా.

ఇట్లు,
తమరి విధేయుడు కాని,
గచ్చిబౌలిలో ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని అరిచే ఒక అభిమాని