వాతావరణ పరిశోధనకు కౌలు రైతు కనిపించడా?

2020లో కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ వెలువరించిన వాతావరణ మార్పుల నివేదిక మన శాస్త్రవేత్తల సత్తాకు గట్టి నిదర్శనం. 1901-2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని, 1951-2015 మధ్య వానాకాలపు వర్షపాతం దాదాపు 6 శాతం తగ్గిందని అది లెక్కగట్టింది. ఇంత లోతుగా ఆకాశాన్ని చదివిన దేశం, ఆ ఎండ ఎవరి వీపు మీద ఎక్కువగా పడుతోంది, ఎందుకు పడుతోంది అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతోంది. నా అభ్యంతరమంతా అక్కడే.

2015 వేసవిలో వడగాలులకు దేశవ్యాప్తంగా రెండు వేల మందికి పైగా చనిపోతే, వారిలో అత్యధికులు మన రెండు రాష్ట్రాల వారే. ఆ మే నెలలో ఏ ఊళ్లో ఎన్ని డిగ్రీలు నమోదయ్యాయో ఇప్పటికీ చెప్పగలం. చనిపోయిన వారు ఏ పని చేస్తూ కుప్పకూలారు, రోజు కూలీకి వెళ్లారా, పని మొత్తానికి ఇంత అని గుత్తకు ఒప్పుకున్నారా అంటే మాత్రం నమ్మదగిన సమాధానం దొరకదు. గుత్త పని చేసేవాడు మధ్యాహ్నం నీడకు చేరితే ఆ పూట సంపాదన పోతుంది. ‘ఎండలో తిరగకండి’ అన్న హెచ్చరిక అతనికి ఏ విధంగా పనికొస్తుంది? 2025లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి మృతుల కుటుంబాలకు రూ.4 లక్షలు ప్రకటించేనాటికి కేంద్రం విపత్తుల జాబితాలో శీతల గాలులున్నాయి, వడగాలులు లేవు. ఏ చావును విపత్తుగా లెక్కించాలన్నది రాజకీయ నిర్ణయం. ఆ నిర్ణయం ఎలా జరుగుతుందన్నది కూడా పరిశోధనాంశమే.

సాగు విషయంలో ఈ లోపం మరింత తీవ్రం. హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రిడా) 2019లో 573 గ్రామీణ జిల్లాలను పరిశీలించి 109 జిల్లాలకు వాతావరణ మార్పుల ముప్పు అత్యధికమని, 201 జిల్లాలకు అధికమని తేల్చింది. విలువైన కృషే. కానీ పటంలో జిల్లా మొత్తానికి ఒకే రంగు పడుతుంది. కాలువ మొదట్లో సొంత భూమి ఉన్న ఆసామి, చివరి భూముల్లో కౌలుకు చేసే దళిత రైతు ఆ రంగులో ఒకటైపోతారు.

కౌలు వ్యవసాయం విస్తృతంగా సాగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందువరుసలో ఉంది. వాతావరణ మార్పును తట్టుకోవడానికి శాస్త్రవేత్తలు చెప్పే ఉపాయాలను ఇక్కడి కౌలు రైతు కళ్లతో ఒకసారి చూడండి. నీటి కుంట తవ్వాలంటే భూమి అతనిది కాదు. బిందు సేద్యం పరికరాలకు రాయితీ అడగాలంటే పట్టాదారు పాసుపుస్తకం లేదు. గట్ల మీద చెట్లు నాటితే అవి ఎదిగేసరికి కౌలుదారు మారిపోతాడు. ప్రకృతి సేద్యంతో నేలకు జీవం తెచ్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. అతని ఒప్పందం నోటి మాట మీద ఒక్క ఏడాదికి. బాగుపడిన నేలకు మరుసటి ఏడు ఎక్కువ కౌలు అడిగితే ఇచ్చుకోవలసిందీ అతనే. ఇవేవీ అడగకుండా, కొత్త పద్ధతులు ఊళ్లలో పాతుకోకపోవడానికి ‘రైతుల్లో అవగాహన లేమి’ కారణమని రాసేస్తే ఎలా? అతనికి అవగాహన నిండుగా ఉంది, భూమి మీద హక్కే లేదు.

సామాజిక, రాజకీయ అంశాలు శాస్త్రవేత్తల పని కాదని, ముందు రుతుపవనాల గుట్టు తేలితేనే మిగతా చర్చ సాధ్యమని కొందరి వాదన. రుతుపవనాలు చిక్కుముడి అన్నది నిజం. అయితే కుంట తవ్వమని సలహా ఇచ్చిన క్షణమే శాస్త్రం భూసంబంధాల్లోకి అడుగుపెట్టింది. ఇక తటస్థత మాట చెల్లదు.

అసలు సంగతి భూమి రికార్డుల్లో ఉంది. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకు ఎకరాల లెక్కన డబ్బిచ్చి, దున్నేవాడిని పక్కన పెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చిన పంట సాగుదారుల చట్టం 11 నెలల హక్కు పత్రం ఇస్తానంది, కానీ యజమాని సంతకం తప్పనిసరి చేసింది. రేపు భూమి తనదంటాడేమోనన్న భయంతో ఎందరో యజమానులు సంతకం పెట్టరు. పత్రం లేనివాడికి బ్యాంకు అప్పు పుట్టదు, పంట నష్టపరిహారం నేరుగా అందదు. సర్కారు రికార్డులను ఆధారం చేసుకునే పరిశోధనలోనూ అతను ఉండడు. తుపాను వచ్చిన ప్రతిసారీ మునిగే పెట్టుబడి అతనిది, పరిహారం పడే ఖాతా మాత్రం ఇంకొకరిది. దశాబ్దాలుగా కౌలు చట్టాలను నీరుగార్చిన భూస్వామ్య రాజకీయమే ఈ రోజు వాతావరణ శాస్త్రం కళ్లకు కూడా గంతలు కట్టింది.

అందుకే ముప్పు అంచనాల్లో జిల్లాతోపాటు కుటుంబాన్నీ కొలమానంగా తీసుకోవాలి. ఆ కుటుంబానికి భూమిపై ఉన్న హక్కు, కులం, అప్పు ఎవరి దగ్గర తెచ్చిందన్న వివరాలు వర్షపాతం పక్కనే నమోదు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో యజమాని సంతకం షరతు పోవాలి. కౌలు రైతులకు గుర్తింపు ఇవ్వడానికి ఉమ్మడి రాష్ట్రంలో వచ్చి, తెలంగాణలో మూలనపడిన 2011 నాటి సాగుదారుల చట్టాన్ని బయటికి తీసి గ్రామసభల్లో కౌలు రైతులను గుర్తించాలి. క్రిడా తదుపరి అధ్యయనం ఆ గ్రామసభల జాబితాతోనే మొదలుకావాలి.